అమెరికాలో ఊరే సేల్స్ ట్యాక్స్ పెంచమని అడిగితే జనం ఓటేసి సరే అన్నారంట, మన దగ్గర ఇది అయ్యే పనేనా?

నిజాంపేట్2నాంపల్లి:

మా చెల్లి వాళ్ళు షార్లెట్‌లో ఉంటారు, నార్త్ కరోలినా. మొన్నామధ్య వాట్సాప్‌లో ఒక బిల్లు ఫోటో పెట్టింది, ఇండియన్ స్టోర్‌ది. సోనా మసూరి బస్తా, కందిపప్పు, కరివేపాకు, ఒక ప్రెషర్ కుక్కర్. ఇందులో ఏముందే చూడ్డానికి అంటే కింద చూడు అన్నయ్యా అంది. బియ్యం పప్పులకి 2 శాతం ట్యాక్స్, కుక్కర్‌కి 7.25. ఆ 7.25 కాస్తా 2026 జూలై 1 నుంచి 8.25 అవుతుందంట. ఎవడు పెంచాడే అంటే ఎవడూ పెంచలేదు, మేమే ఓటేసి పెంచుకున్నాం అంది, మళ్ళీ తనే నవ్వి మేము అంటే మేము కాదులే, హెచ్‌వన్ మీద ఉన్నాం కదా మాకు ఓటెక్కడిది, కట్టడం మాత్రం అందరితో పాటు కడతాం అంది.

సంగతేంటంటే 2025 నవంబర్‌లో మెక్లెన్‌బర్గ్ కౌంటీలో, అంటే షార్లెట్ ఉన్న కౌంటీలో, బ్యాలెట్ మీద ఒక ప్రశ్న పెట్టారు. రోడ్లు, రైలు, బస్సుల కోసం డాలర్‌కి ఒక సెంటు ఎక్కువ కడతారా లేదా, అంతే. 52 శాతం దాకా కడతాం అన్నారు. ప్రశ్న పెట్టింది కౌంటీ, వెనకాల నిలబడి పెంచాలి పెంచాలి అన్నది షార్లెట్ సిటీ కౌన్సిల్. ఇది విన్నాక నాకు నిద్ర పట్టలేదు అని చెప్పను గానీ మర్నాడు ఆఫీసులో లంచ్ టైమ్‌లో ఎత్తాను, అరగంట కొట్టుకున్నాం, ఎవరికీ పూర్తిగా తెలీదు, అందరూ గట్టిగా మాట్లాడారు.

నా డౌట్ ఏంటంటే, ఒక ఊరి పాలకవర్గం బయటికొచ్చి పన్ను పెంచుతాం ఓటేయండి అని ఎలా అడగ్గలుగుతుంది, మన దగ్గర ఎలక్షన్ ముందు ఆ మాట నోట్లోంచి జారితే ఆ మనిషి పని అయిపోయినట్టే కదా. సరే అడిగారే అనుకుందాం, మన జీహెచ్ఎంసీ రూపాయికి ఒక పైసా ఎక్కువ ఇవ్వండి నాలాలు బాగు చేస్తాం అని ఓటు పెట్టాలంటే చట్టం ఒప్పుకుంటుందా? తెలిసినవాళ్ళు చెప్పండి, పార్టీల గొడవ వద్దు ప్లీజ్.

తిరిగొచ్చిన కొండాపూర్:

డాలస్ పక్కన 11 ఏళ్ళుండి వచ్చాను కాబట్టి టెక్సస్ సంగతి చెప్తా, మిగతా రాష్ట్రాలు నాకు తెలీదు. అక్కడ రాష్ట్రానిది 6.25, ఊళ్ళూ కౌంటీలూ ట్రాన్సిట్ వాళ్ళూ అందరూ కలిపి దాని మీద 2 కి మించి వేయకూడదు, అంటే 8.25 దగ్గర గోడ. ఆ 2 లో ఒక సెంటు మామూలుగా ఊరి ఖర్చులకి పోతుంది. మిగిలిన ఒక్క సెంటు దేనికి అన్నది ఆ ఊరి జనం ఓటేసి తేల్చుకోవాలి, తమాషా అంతా ఇక్కడే.

1983లో డార్ట్ అని బస్సులూ రైళ్ళూ నడిపే సంస్థ పెట్టేటప్పుడు డాలస్, ప్లానో, ఇర్వింగ్ లాంటి ఊళ్ళు మా సెంటు దానికిస్తాం అని ఓటేశాయి. ఫ్రిస్కో అందులో లేదు. ఆ సెంటుని రెండు ముక్కలు చేసుకుని అర సెంటు కంపెనీలను ఊరికి రప్పించడానికి, అర సెంటు పార్కులూ గట్రా సదుపాయాలకి వాడుకుంటుంది. మీరు సోఫా ప్లానోలో కొన్నా 8.25, ఫ్రిస్కోలో కొన్నా 8.25, బిల్లు చూస్తే ఏ తేడా ఉండదు. కానీ ప్లానో సోఫా డబ్బుతో రైలు నడుస్తుంది, ఫ్రిస్కో సోఫా డబ్బుతో ఆఫీసులొస్తాయి.

దీని ఫలితం నేను మా అమ్మలో చూశా. మేముండేది ఫ్రిస్కో, అమ్మ ఆరు నెలలకి వచ్చింది, ఇద్దరం ఆఫీసుకి పోతే ఆవిడ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని రోడ్డు చూస్తూ కూర్చునేది. రెండో వారం అడిగింది, ఏరా ఇంత పెద్ద రోడ్డు వేశారు దీని మీద ఒక్క బస్సూ రాదా అని. ఏం చెప్పను, బస్సు డబ్బులు వేరే పనికి వాడుకున్నారమ్మా అన్నా. ఎవర్ని అడిగి అంది. జనాన్ని అడిగే అమ్మా అన్నా. ఆవిడ నమ్మలేదు.

అలాగని ప్లానో వాళ్ళు సుఖంగా ఉన్నారనుకోకండి, మేం ఇచ్చినంత మాకు తిరిగి రావట్లేదు అని డార్ట్‌తో గొడవ పడుతూనే ఉన్నారు.

గల్లీ కిరాణం:

అన్నా గీ ముచ్చట మంచిగుంది గని నాకొకటి సమజైతలేదు. నాది దిల్‌సుఖ్‌నగర్ దిక్కు కిరాణం, జెరంత స్టీలు సామాన్ గూడ పెడ్త. 2025 సెప్టెంబర్ 22 నాడు జీఎస్టీ రేట్లు మారినయ్, సబ్బులు షాంపూలు పేస్టులు 18 నుంచి 5 కి అచ్చినయ్, ఆ దినం పొద్దుగాల ఆరింటికి షటర్ ఎత్తి నేనూ మా పోరడు కూసోని ఒక్కొక్క డబ్బా లెక్క జేస్కుంట రేట్లు మార్చినం, ఒకామె నిన్న కొన్న సబ్బులు అపస్ పట్కొచ్చి తగ్గిన పైసలియ్యి అని కొట్లాడింది. తగ్గిచ్చినప్పుడు గూడ మమ్ముల ఎవలు అడగలే, పెంచినప్పుడు గూడ అడగరు. అడుగుడు అనేది మన ఖాతల లేదు.

ఇగ అమెరికోల్లు ఓటేసి పెంచుకున్నరంటే నవ్వొస్తది. కుక్కర్ మీద పన్నంటే ఆటో నడిపేటోడు గదే కడ్తడు, జూబ్లీహిల్స్ బంగ్లాలుండేటోడు గదే కడ్తడు. ఇద్దరికి కుక్కరు ఒక్కటే గదా. ఆటో అన్నకు గా డాలర్ బరువు, బంగ్లాయనకు లెక్కనే లేదు. గిదేం న్యాయం? ఇంకోటి, రేటు పెరిగితే పక్కూరికి పోయి కొంటరు, దుకాణపోడు మునుగుతడు. షార్లెట్ల గూడ గట్లనే అయితది సూడుండ్రి.

ఎల్ఏలో ఆవకాయ:

కిరాణం గారు కరెక్ట్ చోట పట్టుకున్నారు. సేల్స్ ట్యాక్స్ బీదవాళ్ళ మీద ఎక్కువ పడుతుంది అన్నది ఇక్కడ కూడా ప్రతి ఎలక్షన్‌లో వినపడే మాటే. అందుకే చాలా రాష్ట్రాల్లో వండని సరుకుల మీద వేయరు, లేదా తక్కువ వేస్తారు, మా కాలిఫోర్నియాలో బియ్యం పప్పు కూరగాయలకి అసలు లేదు. నాని గారి చెల్లెలి బిల్లులో 2 శాతం కనపడింది అందుకే, ఆ కొత్త సెంటు కూడా సరుకుల మీద పడదు.

సారీ నాని గారు కాదు నిజాంపేట్ గారు, మీ పేరు తొందరలో అలా చదివేశా.

ఇంక ఊళ్ళు ఎందుకు అడుగుతాయి అంటే మా దగ్గర దానికో కథ ఉంది. 1978లో ప్రాపోజిషన్ 13 అని ఒకటి వచ్చింది. ఇంటి పన్ను విలువలో 1 శాతం దాటకూడదు, ఆ లెక్కగట్టే విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగకూడదు, ఇల్లు అమ్మితే తప్ప. జనమే ఓటేసి తెచ్చుకున్నారు. దాంతో ఊళ్ళకి చేతులు కట్టేసినట్టయింది, ఇంటి పన్ను మీద చేయి వేయలేరు, ఇక మిగిలింది సేల్స్ ట్యాక్స్. రాష్ట్రమంతటా కనీసం 7.25, దాని మీద ఊళ్ళూ కౌంటీలూ పావు సెంటు, అర సెంటు పేర్చుకుంటూ పోతాయి. 1996లో ప్రాపోజిషన్ 218 వచ్చి ప్రతిదానికీ ఓటు తప్పనిసరి చేసింది. అంటే వాళ్ళు మంచితనం కొద్దీ మిమ్మల్ని అడగట్లేదండి, అడక్కుండా వేస్తే కోర్టులో నిలబడదు కాబట్టి అడుగుతున్నారు.

ఇందులో ఒక కిటుకు ఉంది, ఇక్కడ ఇరవై ఏళ్ళున్నవాళ్ళకి కూడా తెలీదు. ఫలానా పనికే వాడతాం అని రాసి కౌన్సిల్ పెడితే మూడింట రెండొంతుల ఓట్లు రావాలి. దేనికైనా వాడుకుంటాం అని జనరల్ ట్యాక్స్‌గా పెడితే సగం దాటితే చాలు. అర్థమైందా, చిత్తశుద్ధిగా ఇందుకోసమే అని రాసిచ్చేవాడికి పరీక్ష కష్టం, ఏదో ఒకటి చేస్తాంలే అనేవాడికి సులువు. అందుకని చాలా ఊళ్ళు జనరల్ ట్యాక్స్ పెట్టేసి, పోలీసు, ఫైర్, గుంతలు అని కరపత్రాల్లో ఊదరగొడతాయి. రేపు ఆ డబ్బు ఇంకోదానికి వాడితే చట్టప్రకారం తప్పేం కాదు.

మూడింట రెండొంతులు ఎంత కష్టమో మా ఎల్ఏ కౌంటీలోనే చూశాం. 2008లో మెజర్ ఆర్ అని మెట్రో కోసం అర సెంటు గెలిచింది. 2012లో దాన్ని ఇంకో ముప్పై ఏళ్ళు పొడిగించడానికి మెజర్ జే పెడితే 66.1 శాతం వచ్చి ఓడిపోయింది. కావలసింది 66.67. నూటికి అరవయ్యారు మంది సరే అన్నా పోయింది. మళ్ళీ 2016లో మెజర్ ఎం అని ఇంకో అర సెంటు పెట్టి 71 శాతంతో గెలిపించుకున్నారు.

పాలకవర్గం ఎలా అడుగుతుంది అన్నారు కదా. కౌన్సిల్ సభ్యులు సమావేశంలో తీర్మానం చేసి మేం సపోర్ట్ చేస్తున్నాం అనొచ్చు, సొంతంగా ప్రచారానికీ వెళ్ళొచ్చు. కానీ ఊరి డబ్బుతో ఓటేయండి అని ఒక్క కాగితం కూడా అచ్చేయకూడదు, 1976లోనే కాలిఫోర్నియా సుప్రీం కోర్టు చెప్పేసింది. సమాచారం మాత్రం ఇవ్వొచ్చు. అందుకని మా ఇంటికి సిటీ నుంచి రంగురంగుల కాగితాలొస్తాయి, గుంతల రోడ్డు ఫోటో, ముసలావిడ ఫైర్ ఇంజన్ దగ్గర నవ్వుతున్న ఫోటో, కింద ఎక్కడా ఓటేయండి అని ఉండదు, మీరు తెలుసుకోవలసిన విషయాలు అని ఉంటుంది. మా ఆయన అయితే దాన్ని చూసి పెళ్ళిచూపుల్లో అబ్బాయి గురించి మధ్యవర్తి చెప్పినట్టుంది అంటాడు, చేసుకోమని అనడు, జీతం ఎంతో పొలం ఎంతో చెప్తాడు అంతే.

నిజాంపేట్2నాంపల్లి:

నాని అని పిలిచినా పలుకుతా లెండి. మధ్యవర్తి పోలిక అదిరింది.

కిరాణం అన్న అడిగిన పక్కూరి సంగతి చెల్లిని అడిగా. వాళ్ళుండేది బాలంటైన్, సౌత్ కరోలినా బార్డర్ పక్కనే, పెట్రోల్ కొట్టించుకోవడానికి బార్డర్ దాటేవాళ్ళు ఇప్పటికే ఉన్నారంట. కుక్కర్ కోసం ఎవడూ వెళ్ళడులే అంది, ఫర్నిచర్ అయితే ఏమో అంది.

ఇంకో ముక్క చెప్పింది, నాకు ఇదే బాగా నచ్చింది. ఊళ్ళన్నీ సపోర్ట్ చేయలేదు. అదే కౌంటీలో మాథ్యూస్ అనే చిన్న ఊరు ఉంది, దాని పాలకవర్గం మేం వ్యతిరేకం అని తీర్మానం చేసింది. ఎందుకంటే మొదట్లో వాళ్ళ వైపు రైలు వస్తుందన్నారు, తర్వాత ప్లాన్ మార్చి బస్సు చాలు అన్నారు. రైలుకి ఆ డబ్బులో 40 శాతం మించకూడదు అని రాష్ట్ర చట్టంలోనే రాశారు, ఇంకో 40 రోడ్లకి, 20 బస్సులకి. ఉత్తరం వైపు ఊళ్ళకేమో ఎర్ర లైను రైలు వస్తుంది, దానికోసం షార్లెట్ సిటీ ఓటింగ్‌కి ఏడాది ముందే, 2024లోనే, నార్ఫోక్ సదరన్ రైల్వే దగ్గర పాత పట్టాలు కొనడానికి ఒప్పందం చేసుకుంది, మొత్తం డీల్ 91 మిలియన్ డాలర్లు. అంటే సిటీ మాటలతో ఆగకుండా ముందే చేతులో డబ్బు పెట్టి దిగింది. మా చెల్లి అనేదేంటంటే 1998లో కూడా ఇలాగే అర సెంటుకి ఓటేశారు, దాంతో లైట్ రైల్ వచ్చింది, 2007లో ఆ అర సెంటు తీసేద్దామా అని మళ్ళీ ఓటు పెడితే 70 శాతం మంది వద్దు ఉంచండి అన్నారు. రైలు కళ్ళముందు కనపడింది కాబట్టి ఉంచారు అంటుంది.

ఇందాక రాష్ట్ర చట్టం అన్నా కదా, అది కూడా గమనించండి, కౌంటీ తనంతట తను ఓటు పెట్టలేదు, రాష్ట్ర అసెంబ్లీ 2025లో పర్మిషన్ ఇచ్చాకే పెట్టింది. ఊరు ఎంత పెద్దదైనా రాష్ట్రం గుమ్మం దగ్గర నిలబడాల్సిందే, ఇదొక్కటీ మనలాగే ఉంది.

ఇంకా నా రెండో ప్రశ్నకి ఎవరూ చెప్పలేదు. జీహెచ్ఎంసీ ఇలా అడగొచ్చా?

పాత లెడ్జర్:

నేను చెప్తా, నా బతుకే జీఎస్టీ రిటర్నులు. సూటిగా జవాబు: అడగడానికి వీల్లేదు. జనం వద్దంటారనే భయం తర్వాత సంగతి, అసలు అడగడానికి దాని చేతిలో ఆ పన్నే లేదు.

మీ బిల్లు తీసి చూడండి, సీజీఎస్టీ అని కేంద్రానికి సగం, ఎస్‌జీఎస్టీ అని రాష్ట్రానికి సగం. మూడో గీత లేదు. రాజ్యాంగం 246ఏ అధికరణం ప్రకారం జీఎస్టీ వేసే హక్కు పార్లమెంటుకీ అసెంబ్లీలకీ మాత్రమే. రేట్లు సిఫార్సు చేసేది జీఎస్టీ కౌన్సిల్, అందులో కేంద్రం ఓటుకి మూడో వంతు బరువు, రాష్ట్రాలన్నిటికీ కలిపి రెండు వంతులు, నాలుగింట మూడొంతులు వస్తేనే నిర్ణయం. ఆ గదిలో మేయర్‌కి కుర్చీ లేదు. మీ చెల్లెలి 7.25 ని విడగొట్టండి, రాష్ట్రానికి 4.75, కౌంటీకి 2, ఆ పాత ట్రాన్సిట్ అర సెంటు. అక్కడ ఊరి వాటా ఊరి పేరుతోనే ఉంది కాబట్టి దాన్ని పెంచమని అడగొచ్చు. ఇక్కడ లేనిదాన్ని ఎలా పెంచుతారు.

ఒకప్పుడు ఉండేది. ఆక్ట్రాయ్ అని ఊళ్ళోకి సరుకు వస్తే నాకాల దగ్గర వసూలు చేసేవాళ్ళు, ముంబై కార్పొరేషన్‌కి అదే పెద్ద ఆదాయం, 2017 జూలై 1 న జీఎస్టీ రాగానే పోయింది, దానికి బదులు రాష్ట్రం నష్టపరిహారం ఇస్తుంది. ఇచ్చేవాడి ముందు చెయ్యి చాచడం, వసూలు చేసుకోవడం ఒకటి కాదు కదా.

దేశంలో అమ్మకాల మీద ప్రత్యేకంగా ఒక శాతం వేసిన కేసు ఒకటుంది, కేరళ. 2018 వరదల తర్వాత ఫ్లడ్ సెస్ అని 1 శాతం, 2019 ఆగస్టు నుంచి 2021 జూలై దాకా సరిగ్గా రెండేళ్ళు. విపత్తు వస్తే కొంతకాలం ప్రత్యేక రేటు వేయొచ్చు అని 279ఏ లో ఒక క్లాజు ఉంది, దాని మీద. కౌన్సిల్ ఒప్పుకుంది, రాష్ట్రం వేసింది, గడువు అయిపోగానే తీసేసింది. జనాన్ని ఓటు అడగలేదు, ఊళ్ళనీ అడగలేదు. షార్లెట్ పద్ధతికి మన దగ్గర కాస్త దగ్గరగా వచ్చింది ఇదొక్కటే.

మరి జీహెచ్ఎంసీకి సొంతంగా ఏముంది అంటే ముఖ్యంగా ఇంటి పన్ను. తర్వాత బిల్డింగ్ పర్మిషన్ ఫీజులు, ట్రేడ్ లైసెన్సులు. మీరు ఫ్లాట్ రిజిస్ట్రేషన్‌కి కట్టే 7.5 శాతంలో 1.5 ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, అది పేరుకి స్థానిక సంస్థల కోసం, కానీ వసూలు చేసేది రాష్ట్రం, కాబట్టి అక్కణ్ణుంచి ఎప్పుడొస్తే అప్పుడే. వృత్తి పన్ను చూడండి, మీ జీతంలో నెలకి 200 కట్ అవుతుంది, తమిళనాడులో అది కార్పొరేషన్లే వసూలు చేసుకుంటాయి, మన దగ్గర రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖ. పెట్రోల్ మీద 35.2 శాతం వ్యాట్ రాష్ట్రానిది, ఆ పెట్రోల్ కాలేది మాత్రం సిటీ రోడ్ల మీద.

డబ్బు కావాలంటే జీహెచ్ఎంసీ అప్పు చేసింది. 2018 ఫిబ్రవరిలో 8.9 శాతం వడ్డీకి 200 కోట్ల బాండ్లు అమ్మింది. బాండ్లు కొనేవాడికి మాత్రం లెక్కలన్నీ చూపించి, రేటింగ్ తెచ్చి చూపించాలి. ఇంటి పన్ను కట్టేవాడికి ఏప్రిల్‌లో కడితే 5 శాతం తగ్గింపు అని మెసేజ్ వస్తుంది.

తిరిగొచ్చిన కొండాపూర్:

లెడ్జర్ గారు చివరి లైను ఫ్రేమ్ కట్టించాలి.

కానీ ఒక మాట, ఓటు హక్కు ఇచ్చినా మనం వెళ్తామా అని నా అనుమానం. 2020 డిసెంబర్ జీహెచ్ఎంసీ ఎలక్షన్‌లో 46.55 శాతం పోలింగ్. మా గేటెడ్ కమ్యూనిటీలో ఆ రోజు సగం మంది లాంగ్ వీకెండ్ అనుకుని ఊటీ పోయారు.

ఎల్ఏలో ఆవకాయ:

ఇక్కడ మాత్రం ఏం పొడిచేస్తున్నారండి, అధ్యక్ష ఎన్నిక లేని ఏడాది పెడితే జనం రారు, వచ్చేది ముసలివాళ్ళూ సొంతిళ్ళవాళ్ళూ. షార్లెట్ ఓటు కూడా అలాంటి ఏడాదే. పైగా నిజాంపేట్ గారి చెల్లెలిలాగా కట్టేవాళ్ళలో ఎంతమందికి ఓటే లేదో. నేను గ్రీన్ కార్డు నుంచి సిటిజన్ అయ్యేదాకా పదహారేళ్ళు అర సెంట్లు కడుతూనే ఉన్నా, అడిగినవాడు లేడు.

గల్లీ కిరాణం:

లెడ్జర్ సాబ్ చెప్పింది ఇప్పుడు సమజైంది. గట్లయితే ఒక మాట. నన్ను అడిగితె నేను పైస ఇస్త. గని బిల్లుల ఆ పైస సపరేటుగ కనవడాలె, గీ పైస నాలాకు అని రాసి ఉండాలె. మా గల్లి రోడ్డు రెండేండ్లల్ల మూడుసార్లు తవ్విన్రు, ఒగలు నీళ్ళ పైపు అన్నరు, ఒగలు కేబుల్ అన్నరు, మూడోసారి ఎవలొచ్చిన్రో ఎందుకు తవ్విన్రో గూడ తెల్వదు, మా దుకాణం ముంగట మట్టికుప్ప వారం దినాలు ఉండె, గిరాకీలు దాని మీదికెల్లి దునికొచ్చి పాలపాకీట్లు కొనుక్కపోయిన్రు. షార్లెట్ల బిల్లు మీద రైలు పైస అని రాస్తరా నానన్నా?

నిజాంపేట్2నాంపల్లి:

చెల్లి ఫోటో మళ్ళీ జూమ్ చేసి చూశా అన్నా. రాయరు. సరుకులకి ఒక గీత, మిగతావాటికి ఒక గీత, అంతే. రైలు అర సెంటు ఆ 7.25 లోనే కలిసిపోయింది.

పాత లెడ్జర్:

విడిగా రాసి ఉన్నది మన దగ్గరే ఒకటుంది తెలుసా. కిరాణం గారూ, మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, లైబ్రరీ సెస్ అని సపరేట్‌గా ఉంటుంది. పన్ను మీద 8 శాతం.

గల్లీ కిరాణం:

లైబ్రరీకా? నేనా? ఆగుండ్రి ఇంట్ల చూసి చెప్త.

గల్లీ కిరాణం:

చూసిన. ఉన్నది. బీరువల పాత రసీదులు గూడ తీసిన, అన్నిట్ల ఉన్నది, మా నాయిన పేరు మీద ఉన్నదాంట్ల గూడ ఉన్నది. మా ఇంటామె ఏం దేవులాడుతున్నవ్ అర్ధరాత్రి అని అడిగితె లైబ్రరీ అన్న, పిచ్చిలేసిందా అన్నది. మా పోరడు గ్రూప్స్‌కు సదువుతుండు, రూముకు నెలకు కిరాయి కట్టి రీడింగ్ హాల్లకు పంపుతున్న. మాకు దగ్గరల సర్కారు లైబ్రరీ యాడుందో ఎవలకన్న ఎరుకుంటే చెప్పుండ్రి.

తిరిగొచ్చిన కొండాపూర్:

దగ్గర్లో సంగతి తెలీదు గానీ చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది అన్నా, గ్రూప్స్‌కి చదివే పిల్లలంతా అక్కడే ఉంటారు. పొద్దున్నే పంపండి, లేటైతే కుర్చీ దొరకదు.